ఆఫర్ లెటర్‌లో ముప్పై వేలు, చేతికి ఇరవై వేలు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ కంపెనీలకు సేల్స్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. గోడలో వేసే వైరు, మీటరు పక్కన బిగించే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆపేసే స్విచ్), స్విచ్చులు, ఫ్యాన్లు, ఎల్ఈడీ లైట్లు కంపెనీ గోడౌన్ నుంచి మీ వీధి చివరి షాపు దాకా చేరాలంటే మధ్యలో బండి మీద తిరిగే మనిషి ఒకడు ఉండాలి. ఆ మనిషి జీతం గురించే ఈ లేఖ.

పోయిన నెల కోఠి దగ్గరి ఎలక్ట్రికల్ మార్కెట్ ట్రూప్ బజార్‌లో కౌంటర్లన్నీ, అంటే షాపులన్నీ తిరిగాక, మాతో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు చాయ్ తాగుతూ ఫోన్‌లో తన పే స్లిప్ చూపించాడు. "అన్నా, ముప్పై వేలన్నరు కదా, ఇరవై కూడా పడలేదేంది?" అన్నాడు. బిల్లు బుక్కు వెనకాల ఇద్దరం లెక్క వేశాం. ఆఫర్ లెటర్‌లో ఉన్నది ఏడాదికి 3 లక్షల 60 వేలు, అంటే నెలకు 30,000. అందులో 6,000 ఇన్సెంటివ్. టార్గెట్ కొడితేనే వస్తుంది. మిగిలిన 24,000లో కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,440, గ్రాట్యుటీ పేరుతో పక్కన పెట్టేది 577, ఇన్సూరెన్సుకు 383 పోతే గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం 21,600. అందులోంచి వాడి వాటా పీఎఫ్ 1,440, వృత్తి పన్ను 200 కోస్తే చేతికి వచ్చేది 19,960.

ఆ లెక్కలో మోసం లేదు. కంపెనీ ప్రతి రూపాయికీ కాగితం చూపించగలదు. కానీ వాడు ముప్పై వేలు వస్తాయని నమ్మి రామంతాపూర్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, బండికి ఈఎంఐ పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూలో ఒక్కరు కూడా "బాబూ, నీ చేతికి పడేది ఇంత" అని చెప్పలేదు.

బయటివాళ్లకు మా జీతాల మీద ఒక అంచనా ఉండాలని నేను చూసిన మేరకు చెబుతాను. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆర్డర్లు రాసే సేల్స్‌మన్‌కు నెలకు పన్నెండు నుంచి పదిహేను వేలు, అదీ చాలాచోట్ల నగదుగా, స్లిప్ లేకుండా. కంపెనీ కోసం పనిచేస్తూ ఏజెన్సీ పేరోల్ మీద ఉన్నవాళ్లకు పదహారు నుంచి ఇరవై రెండు వేలు. పెద్ద కంపెనీలో సొంత రోల్ మీదికి వచ్చి నాలుగైదేళ్లు నిలబడితే ఇరవై ఐదు, ముప్పై. ప్యానెల్ బోర్డులు చేసేవాళ్లకూ బాలానగర్, జీడిమెట్ల ఫ్యాక్టరీలకూ స్విచ్‌గేర్ (కరెంటును అదుపు చేసే పెద్ద స్విచ్చులు, బ్రేకర్లు) అమ్మే, బీటెక్ చదివిన ప్రాజెక్ట్ సేల్స్ వాళ్లది వేరే లెక్క, వాళ్లకు నలభై కూడా ఉంటుంది. కానీ షాపుల చుట్టూ తిరిగే మాలో ఎక్కువమంది ఇరవైకి అటూ ఇటూ ఆగిపోయినవాళ్లమే.

ఆ ఇరవై నుంచి పెట్రోలు పోవాలి. నా బీట్, అంటే నేను తిరగాల్సిన ఏరియా, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్, హయత్‌నగర్. వారంలో రెండు రోజులు కోఠి. రోజుకు అరవై కిలోమీటర్లకు తక్కువ కాదు. నెలకు ఇరవై ఐదు రోజులంటే 1,500 కిలోమీటర్లు. బండి లీటరుకు నలభై ఐదు ఇచ్చినా ముప్పై మూడు లీటర్లు దాటుతుంది. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు దాటింది కాబట్టి పెట్రోలుకే మూడున్నర వేల పైన. మాకు ఇచ్చే టీఏ (ప్రయాణ భత్యం) నెలకు 3,000. అది 2019లో పెట్టిన అంకె, అప్పుడు లీటరు ఎనభై లోపే ఉండేది. టైర్లు, సర్వీసింగ్, ట్రాఫిక్ చలాన్లు మా జేబులోంచే. కంపెనీ పని మీద తిరగడానికి మా జీతంలోంచి మేమే ఎదురు పెడుతున్నామన్న మాట.

"ఇన్సెంటివ్ వస్తుంది కదా" అంటారు. ఆ మాట దగ్గర మీరు కాస్త ఆగి చూడాలి సార్, మా బాధంతా అక్కడే ఉంది.

టార్గెట్‌లో తొంభై శాతం దాటితేనే ఇన్సెంటివ్ మొదలవుతుంది. దాటకపోతే సున్నా. దానికి తోడు కలెక్షన్ షరతు. అరవై రోజులు దాటిన బాకీ ఏ డీలర్ దగ్గరున్నా అమ్మకం ఎంత చేసినా ఇన్సెంటివ్ ఆగిపోతుంది. ఇందాక చెప్పిన కుర్రాడికి ఒక నెల నలభై లక్షల టార్గెట్ ఇచ్చారు. నెలాఖరు రాత్రికి 35 లక్షల 70 వేలు చేశాడు. తొంభై శాతానికి ఇంకా ముప్పై వేలు తక్కువ. డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఆయన తీసుకోనన్నాడు, ఆయన గోడౌన్ అప్పటికే నిండి ఉంది. చివరికి తెలిసిన డీలర్ పేరు మీద ముప్పై వేలకు బిల్లు వేయించి, ఆ డబ్బు స్నేహితుడి దగ్గర అప్పు చేసి కట్టాడు. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు మంచం కింద నాలుగు అట్టపెట్టెలున్నాయి. ఆరు ఆంపియర్ల స్విచ్చులు. వాళ్లమ్మ వాటి మీద దుప్పటి కప్పి పెట్టింది. ఆదివారాలు తెలిసిన ఎలక్ట్రీషియన్లకు కొంచెం కొంచెంగా, కొన్నదానికంటే తక్కువకే అమ్ముకుంటున్నాడు. ఇలాంటి పెట్టెలు మాలో చాలామంది ఇళ్లలో ఉంటాయి. ఎవరూ బయటికి చెప్పరు, చెబితే ఉద్యోగానికే ముప్పు.

టార్గెట్ వేసేవాళ్లు బజారు ఎలా నడుస్తుందో చూడరు. రాగి ధర పెరుగుతుందనగానే డీలర్లు వైరు కాయిల్స్ ముందే కొని పెట్టుకుంటారు. ఆ నెల అమ్మకం దుమ్ము రేపుతుంది. తర్వాతి నెల ఎవరికీ స్టాక్ అవసరం ఉండదు. కానీ కొత్త టార్గెట్ మాత్రం ఎక్కువ అమ్మిన నెలను చూసే వస్తుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ మనవాళ్లు గృహప్రవేశాలు పెట్టుకోరు. ఇళ్లలో ఫినిషింగ్ పనులు ఆగితే స్విచ్చులు, ఫ్యాన్లు, లైట్లు కౌంటర్ల మీద కదలవు. ఈ సంగతి ట్రూప్ బజార్‌లో చాయ్ అందించే పిల్లవాడికి కూడా తెలుసు. ఎక్కడో ముంబైలోనో ఢిల్లీలోనో కూర్చుని ఎక్సెల్ షీట్‌లో అంకెలు నింపేవాళ్లకు తెలియదు, చెప్పినా వినరు. పైగా నెల మధ్యలో మెయిల్ వస్తుంది, ఈ నెల స్లాబ్ (ఎంత అమ్మితే ఎంత ఇన్సెంటివ్ అన్న లెక్క) మారింది అని. పదిహేను రోజులు ఒక లెక్క మీద పరిగెత్తినవాడు పదహారో రోజున వేరే లెక్క మీద పరిగెత్తాలి.

మంత్రి గారూ, మా కోసం చట్టం లేదని నేను అనడం లేదు. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల సేవా నిబంధనల చట్టం 1976లోనే వచ్చింది. మొదట మందుల కంపెనీల ప్రతినిధులకు వర్తించింది. 2011లో దాన్ని ఇంకొన్ని పరిశ్రమలకు విస్తరించినప్పుడు ఎలక్ట్రికల్ ఉపకరణాలు కూడా చేరాయి. నియామక పత్రం ఇవ్వాలని, సెలవులు ఇవ్వాలని అందులో ఉండేది. నాకు ఇది తెలిసింది ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లకు. తెలిశాక నేను అప్పట్లో పనిచేసిన కంపెనీ హెచ్ఆర్‌ను అడిగితే, "ఫ్యాన్ ఉపకరణం, మీరు అమ్మేది వైరు" అని, అంటే ఆ చట్టం నాకు వర్తించదని సమాధానం వచ్చింది. ఆ మాటకు ఏం బదులివ్వాలో నాకు తెలియలేదు.

మెడికల్ ప్రతినిధులు పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే వర్క్‌మన్ (కార్మికుడు) కిందికి రారని 1994లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తీర్పు వల్ల మాలాంటి వాళ్లందరికీ లేబర్ కోర్టు గుమ్మం దూరమైంది. ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో కార్మికుడు అనే నిర్వచనంలోనే సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులను చేర్చారు. ఇది మాకు పెద్ద విషయం. అయితే పర్యవేక్షణ, మేనేజర్ హోదాల వాళ్లను పక్కన పెట్టే మినహాయింపు ఒకటి ఉంది. అందుకే మా కార్డుల మీద హోదాలు పెద్దవిగా ఉంటాయి. నా కార్డు మీద సీనియర్ సేల్స్ ఆఫీసర్ అని ఉంది. నా కింద పనిచేసేవాడు ఒక్కడు కూడా లేడు. నేను ఆఫీసర్‌ను కాదు, ఆర్డర్లు రాసుకుని చెక్కులు వసూలు చేసేవాణ్ణి.

ఇంకో చిక్కు కూడా ఉంది. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి, ఉద్యోగం మానేస్తే రెండు పనిదినాల్లో బకాయి తేల్చాలి. బాగుంది. కానీ వేతనం నిర్వచనంలో కమిషన్‌ను కలపలేదు. ఇన్సెంటివ్‌ను కూడా కమిషన్ అనే అంటారు కాబట్టి దానికి ఏ తేదీ లేదు. మాకు మూడు నెలలకోసారి, ఒక్కోసారి ఆరు నెలలకు వస్తుంది. మధ్యలో మానేసినవాడికి అసలు రాదు. నేను ఒక కంపెనీ వదిలినప్పుడు రెండు క్వార్టర్ల ఇన్సెంటివ్ అలాగే పోయింది. ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాను.

డబ్బు కంటే పెద్ద సంగతి ఒకటి చెప్పాలి. 2023 వానాకాలంలో మా తోటి రెప్ ఒకడు ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవర్ పనుల కింద నీళ్లు నిలిచిన గుంతలో బండితో సహా పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. వాడి గ్రాస్ జీతం 21,000 దాటి కొన్ని వందలు ఉంది. ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ వైద్య బీమా) జీతం పరిమితి 2017 నుంచి 21,000 దగ్గరే ఉండిపోయింది కాబట్టి వాడికి ఈఎస్ఐ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే వాడు మా పేరోల్ మీద లేడు, ఏజెన్సీని అడగండి అన్నారు. ఏజెన్సీ వాళ్లు ఇన్సూరెన్స్ కార్డు పంపిస్తామన్నారు. కార్డు వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. మా వాట్సాప్ గ్రూపులో ఐదు వందలు, వెయ్యి చొప్పున వేసుకుని బిల్లు కట్టాం. ఆ రోజు వాడు పడిన సమయానికి కంపెనీ యాప్‌లో హాజరు చూపిస్తోంది, లొకేషన్ చూపిస్తోంది, తర్వాతి కౌంటర్ పేరు కూడా చూపిస్తోంది. వాడు పనిలో ఉన్నాడనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి సార్?

పనిగంటల గురించి ఒక్క మాట. 2025 జూలైలో మీ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతిస్తూ, వారానికి 48 గంటలు దాటకూడదని షరతు పెట్టింది. మాకు ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి కౌంటర్ దగ్గర హాజరు పడాలి. చివరి కౌంటర్ రాత్రి ఎనిమిదికి, ఎందుకంటే షాపు ఓనర్ తీరికగా మాట్లాడేది అప్పుడే. ఆరు రోజులకు ఎన్ని గంటలవుతాయో యాప్‌లోనే ఉంటుంది. మీ ఇన్‌స్పెక్టర్లు అడిగితే కంపెనీ తీసి చూపించాల్సిందే.

ప్రైవేటు సంస్థల విషయంలో ఈ కోడ్‌ల అమలు చాలావరకు రాష్ట్రం చేతిలోనే ఉంటుంది. కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. వైర్లు, స్విచ్‌గేర్, లైట్లు అమ్మే ప్రతినిధులు కూడా సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులేనని మీ శాఖ ఒక స్పష్టమైన సర్క్యులర్ ఇప్పించండి. కేంద్రం నోటిఫికేషన్ కావాలంటే రాష్ట్రం తరఫున రాయండి. కార్డు మీద హోదా ఏమున్నా, చేసే పని చూసి నిర్ణయించాలని అందులో చెప్పండి. నియామక పత్రంలో చేతికి వచ్చే జీతం ఇంత అని విడిగా, తెలుగులో రాయించండి. ఇన్సెంటివ్ షరతులు నెల మొదలు కాకముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, మధ్యలో మార్చకూడదు, చెల్లించడానికి ఒక గడువు ఉండాలి. కంపెనీ పనికి తిరిగే కిలోమీటర్లకు ఇచ్చే డబ్బు పెట్రోలు ధరతో పాటు మారాలి. డీలర్ చెక్కు బౌన్స్ అయితే ఆ నష్టాన్ని మా జీతంలో కోయడం మా వైపు చాలాచోట్ల ఉంది. ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి తప్ప అలా కోయడానికి వీల్లేదు, అదీ వాడి వివరణ విన్నాకే. ఈ సంగతి మీ అధికారులు కంపెనీలకు గట్టిగా గుర్తు చేయాలి.

వీటితో పాటు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో సేల్స్ ఉద్యోగుల ఫిర్యాదులకు ఒక అధికారిని కేటాయించండి. పేరు బయటపెట్టకుండా ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉంటే చాలామంది వస్తారు. మేం రోజంతా బీట్ మీద ఉంటాం కాబట్టి వారంలో ఒక్క సాయంత్రమైనా ఏడు గంటల దాకా ఆ ఆఫీసు తెరిచి ఉంటే మేలు.

మా దగ్గర పే స్లిప్పులున్నాయి, స్లాబులు మార్చిన మెయిళ్లున్నాయి, యాప్ హాజరు స్క్రీన్‌షాట్లున్నాయి. మా గ్రూపులో నలుగురం కలిసి వాటిని తేదీల వారీగా ఫైల్ చేసి పెట్టాం. మీరు సమయం ఇస్తే తీసుకుని వస్తాం. నెలాఖరు మూడు రోజులు తప్ప ఏ రోజైనా సరే.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ సేల్స్ రిప్రజెంటేటివ్,
హైదరాబాద్