క్యారియర్లు తీసుకెళ్లండి, ఒక మాట వినండి

కిడ్నీ మార్పిడి జరిగి ఆరు వారాలైంది. డయాలసిస్‌కి వంతులేసుకుని కార్లో దింపినవాళ్లు, అన్నం పంపినవాళ్లు అందరూ ఈ న్యూజెర్సీ ఎడిసన్‌లోని మన తెలుగువాళ్లే. మీకు 'బీపీ వల్ల కిడ్నీలు పోయాయి' అని చెప్పాను. అబద్ధం. నాకు పదకొండేళ్లుగా హెచ్ఐవీ ఉంది. ఆ మాట దాచి అక్కకు కృతజ్ఞత చెప్పలేను, ఎందుకంటే నాకు కిడ్నీ ఇచ్చిన అక్కకూ హెచ్ఐవీ ఉంది.

అక్క అంటే తోబుట్టువు కాదు. సపోర్ట్ గ్రూపులో కలిసిన అమెరికన్. మొదటిరోజు అలవాటుకొద్దీ 'అక్కా' అన్నాను, అదే పేరైపోయింది. గుంటూరులో మా తమ్ముడు ఇస్తానన్నాడు గానీ, టెస్టుల్లో పాపం వాడికి షుగర్ బయటపడింది. అది విని అక్క, "నాకు రెండున్నాయిగా" అంది.

నేను నమ్మలేదు. ఈ దేశంలో హెచ్ఐవీ ఉన్నవాళ్ల అవయవాలు తీసుకోకూడదని 1988లో చట్టమే చేశారు. 2013లో ఒబామా హోప్ చట్టం మీద సంతకం పెట్టాకే దారి దొరికింది, అదీ హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఇవ్వడానికే. బతికుండగా అలా ఇక్కడ మొదట కిడ్నీ ఇచ్చింది నీనా మార్టినెజ్, 2019 మార్చిలో, బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్‌లో. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎక్కించిన రక్తం వల్ల ఆమెకు వైరస్ సోకింది. ఆమె ఫొటో అక్క ఫోన్లో ఉంది.

అక్కను డాక్టర్లు తేలిగ్గా ఒప్పుకోలేదు. సీడీ4 కణాలు, అంటే ఈ వైరస్ దెబ్బతీసే రక్షణ కణాలు, మైక్రోలీటరు రక్తంలో 500కి తగ్గకూడదు, రక్తంలో వైరస్ దొరకకూడదు. ఈ వైరస్ కిడ్నీనీ పాడుచేస్తుంది కాబట్టి సూదితో చిన్న ముక్క తీసి మరీ చూశారు. నా పాత హెచ్ఐవీ మందు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే మందులతో పడదని అదీ మార్చారు.

ఆపరేషన్ మర్నాడు మంచం పక్కన యూరిన్ బ్యాగు నిండుతూ కనిపించింది, లేత పసుపు రంగులో. రెండేళ్లు రోజుకు లీటరు నీళ్లతో, నాలుక ఎండితే ఐసుముక్క చప్పరిస్తూ బతికినవాడిని. ఏడుపొచ్చేసింది. నొప్పేమోనని నర్సు కంగారుపడింది.

అక్కకు ఇది చదవడం రాదు. తనకు చెప్పాల్సింది తనకు చెప్పాను. ఇది మీకు.

మీ స్టీలు క్యారియర్లు తొమ్మిది మా ఇంట్లో ఉన్నాయి, ఏది ఎవరిదో తెలియదు. కడిగి పెట్టాను. శనివారం అక్క వస్తోంది. మాస్కు పెట్టుకుని లోపలికి రండి, టీ తాగుదాం. రావాలనిపించకపోతే గుమ్మం బయటే పెడతాను, నాకేం కోపం లేదు.