పిలిచిన ఆచార్యులకు చోటు చూపండి

సంపాదకులకు,

1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా, 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వెలసిన హైదరాబాద్ నగరానికి బయటి పండితులను ఆదరించడం కొత్త కాదు. అయితే అతిథి ఆచార్యులుగా ఎవరిని ఆహ్వానించాలన్న ప్రతిపాదనపై విశ్వవిద్యాలయాలు పెట్టే శ్రద్ధ, వచ్చినవారిని చూసుకోవడంలో కనిపించడం లేదు.

నేను పనిచేసిన విభాగానికి వచ్చిన ఒక విదేశీ ఆచార్యురాలికి గ్రంథాలయ కార్డు చేతికందేసరికి తిరుగు ప్రయాణానికి నాలుగు రోజులే మిగిలాయి. అప్పటిదాకా ఆమె రోజూ గుమ్మం దగ్గరి రిజిస్టర్‌లో సందర్శకురాలిగా సంతకం పెట్టి లోపలికి వెళ్లేవారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

విదేశీ అతిథి దిగిన 24 గంటల్లో ఆ వివరాలను ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధనను అతిథిగృహాలు పాటిస్తున్నప్పుడు, అదే రోజు కార్డు, ఇంటర్నెట్, కూర్చునేందుకు గది ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. పేరు ప్రతిపాదించిన అధ్యాపకులకే ఆ బాధ్యతను రాతపూర్వకంగా అప్పగించాలి. పరిశోధక విద్యార్థులతో వారానికొక సమావేశాన్నైనా ముందే ఖరారు చేయాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, తార్నాక, హైదరాబాద్