దినార్ల జీతం చెప్తున్నారు, అక్కడి ఖర్చు కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కడప, ఎర్రముక్కపల్లె. నేను 2012 నుంచి 2021 దాకా కువైట్‌లో ఒక కంపెనీ స్టోర్‌లో లెక్కలు చూసేవాణ్ణి. మన పక్క ఇది కొత్త సంగతేం కాదు, రాయచోటి, రాజంపేట, బద్వేలు యాడికి పోయినా కువైట్‌లో మనిషి లేని వీధి ఉండదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా, దయచేసి వేయండి.

మా వీధిలో ఒక పిల్లోడికి పెళ్లి కుదిరింది. కువైట్‌లో 350 దినార్ల ఉద్యోగం వచ్చిందని, దినారు 270 రూపాయలు దాటింది కదా దగ్గర దగ్గర లక్ష అని పిల్ల తరఫోళ్లు ఫోన్లోనే గుణించుకున్నారు, ఆర్నెల్లు తిరక్కుండా అమ్మాయిని కూడా తీసుకుపోతాడు, సిటీలో హాయిగా ఉంటారు అని పెద్దమనుషులు మాట కూడా ఇచ్చేసినారు. నేను ఆ అరుగు మీదే కూర్చొని ఉన్నా. శుభకార్యం కాడ ఏం మాట్లాడాలో తెలీక ఊరుకున్నా గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి సంగతి, 350 దినార్లతో భార్యకు ఫ్యామిలీ వీసా రాదు. ఇంత జీతం ఉంటేనే పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవాలని అక్కడ రూలు ఉంది. 2016లో అది 450 దినార్లు చేశారు, 2019లో 500 అయింది, 2024 జనవరి నుంచి ఏకంగా 800. అంటే మన డబ్బుల్లో రెండు లక్షల పైమాటే. మన ఊళ్లలో సంబంధాలు మాట్లాడేవాళ్లల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు చెప్పండి.

సరే, ఆ జీతం ఉందనే అనుకుందాం. నా సంగతే చెప్తా. 2017 చివర్లో నా జీతం 540 అయినాక భార్యను, పాపను పిలిపించుకున్నా. మా ఆవిడ ఒక లాంగ్ నోటుబుక్కులో ఖర్చులు రాసేది, ఎడమ పేజీలో దినార్లు, కుడి పేజీలో రూపాయలు. అది ఇప్పుడు నా ముందే ఉంది. 2018 మార్చి పేజీ చూస్తున్నా. ఫర్వానియాలో ఒక హాలు ఒక బెడ్‌రూమ్ ఇల్లు, బాడుగ 230, కరెంటు నీళ్లు అందులోనే. పాప స్కూలు, బస్సు కలిపి 46. బియ్యం కూరగాయలు పాలు శుక్రవారం చికెను అన్నీ కలిపి 95. ఫోన్లు నెట్టు 17. టాక్సీలు బస్సులు 28, ఎందుకంటే మేమున్నప్పుడు బయటి దేశమోడికి డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే డిగ్రీతోపాటు 600 దినార్ల జీతం ఉండాల, నాకు లేదు, కాబట్టి కారు లేదు. ఆస్పత్రి మందులు 11. మొత్తం 427. నాయనకు పంపింది 60. ఇంక మిగిలింది 53, అందులోంచి ఏడాదికొకసారి ముగ్గురి టికెట్లకు నెలనెలా 25 పక్కన పెడితే చేతిలో 28 దినార్లు. అప్పుడు దినారు 217 రూపాయలు. లక్షా పదిహేడు వేల జీతగాణ్ణి, నెలాఖరుకు ఆరు వేలు! ఆకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, దాని రెన్యువల్, ఇన్సూరెన్సు కూడా ఆ ఆరు వేలల్లోంచే. అదే పేజీ అడుగున "పాప గొలుసు" అని రాసి కొట్టేసింది. తర్వాతి మూడు నెలలు కూడా అట్లే రాసి అట్లే కొట్టేసింది.

అంతకుముందు నేనొక్కణ్ణే అబ్బాసియాలో ఒకే రూములో ఐదుగురితో ఉన్నప్పుడు బెడ్‌కు 25, మెస్సుకు 20 కట్టి, జీతం ఇంతకంటే తక్కువున్నా నెలకు 300 పైన ఇంటికి పంపినా. అట్ల ఉన్నోడికి మిగుల్తుంది, నేను కాదనను. కానీ అది సుఖంగా బతకడం కాదు కదా, మనిషి మంచం మీద బతుకుతాడు, సామానంతా మంచం కింద. సుఖంగా ఉండాల, తలుపేసుకుంటే మన ఇల్లు మనది అనిపించాల అంటే ఆ మిగిలేదంతా బాడుగకే పోతుంది. ఇదీ అసలు లెక్క, మన పక్క ఎవురూ చెప్పని లెక్క.

అక్కడ చవకైనవి లేవా అంటే ఉన్నాయి. ఖుబూస్ అని అక్కడి రొట్టె, ప్యాకెట్టు 50 ఫిల్సు (వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు), నేనున్నప్పుడు గ్యాస్ సిలిండర్ 750 ఫిల్సు, అంటే దినారు కూడా కాదు. జీతం మీద ఇన్‌కం టాక్సు లేదు. కానీ మన తిండి మన దేశం నుంచే రావాల, సోనామసూరి, చింతపండు, మునక్కాయ, ఏదైనా ఇక్కడి రేటుకు దొరకదు. చవక రేషను వాళ్ల దేశస్తులకే. ఆస్పత్రి ఫీజులు 2017 అక్టోబరులో బయటోళ్లకు పెంచినారు, 2022 డిసెంబరు నుంచి ప్రభుత్వ క్లినిక్కుల్లో మందులకే అదనంగా 5 దినార్లు పెట్టినారు. పిల్లలున్న ఇంట్లో జలుబు, జ్వరం రాకుండా ఉంటాయా.

ఇంక ఎండ. మన కడప ఎండ మనకు తెలుసు కాబట్టి అదొక లెక్కా అనుకుంటాం. 2016 జులైలో అక్కడ మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కొట్టింది. నీళ్ల ట్యాంకు మిద్దె మీద, కొళాయి తిప్పితే చెయ్యి కాలేది. మా ఆవిడ ఏం చేసేదంటే ఎండాకాలం మొత్తం గీజర్ స్విచ్ ఆపేసి, ఆ గీజర్లో నిండిన నీళ్లు ఇంట్లో ఏసీకి చల్లబడతాయని, వేడినీళ్ల కొళాయి తిప్పి పాపకు స్నానం చేయించేది. వేడినీళ్ల కొళాయిలో చల్లనీళ్లు, చల్లనీళ్ల కొళాయిలో మసిలే నీళ్లు. జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలు పిల్లను బయటికి తీసుకుపోయే పనే లేదు, శుక్రవారం సాయంత్రం చీకటి పడినాక సిటీలో మనోళ్లు కలిసే మాలియా పక్క పోయి నాలుగు తెలుగు మాటలు విని వచ్చేవాళ్లం, అంతే.

పదేళ్లు ఉన్నా ఇరవై ఏళ్లు ఉన్నా ఆ ఊరు మనది కాదు. ఇల్లు కొనుక్కోలేం, పింఛను లేదు, ఉద్యోగం పోతే ఆకామా పోతుంది. చివర్లో వచ్చేది సర్వీసు డబ్బులు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. నాకొచ్చిన దాంతోనే ఈ ఇంటి మీద పై పోర్షన్ వేసుకున్నా, అందుకు ఆ దేశానికి నేను రుణపడి ఉన్నా, చెడ్డ చెప్పడానికి రాయడం లేదు.

ఇళ్లల్లో పనికి పోయే మన ఆడబిడ్డల సంగతి వేరే. 2016లో వాళ్లకు కనీస జీతం 60 దినార్లని పెట్టినారు. ఖర్చు లేదు, తిండి బస ఆ ఇంటోళ్లదే, వచ్చిందంతా ఇంటికి పంపొచ్చు అంటారు ఏజెంట్లు. నిజమే, కానీ ఒక్క రూములో కూడా తన తలుపు తనది కాని మనిషికి ఖర్చు లేదనడం ఏం మాట సార్. ఇంటి పనోళ్ల కోసం అక్కడ 2015లో చేసిన చట్టంలో వారానికో రోజు సెలవు ఉంది, మీరు దాన్ని పెద్ద అక్షరాలతో వేయండి, పోయే ముందే చదువుకుంటారు.

నేను అడిగేది ఇదే. మీ పేపర్లో గల్ఫ్ ఉద్యోగాల వార్త వేసినప్పుడల్లా జీతం పక్కనే ఆ ఊళ్లో బాడుగ ఎంత, స్కూలు ఎంత, ఫ్యామిలీ వీసాకు ఎంత జీతం ఉండాల అనేది కూడా వేయండి. ఏజెంటు చెప్పడు, పోయొచ్చినోళ్లు పరువు కోసం చెప్పరు, నేను కూడా తొమ్మిదేళ్లు మా నాయనకు చెప్పలేదు. ఆ పెళ్లి పిల్లోడి నాయనతో ఈ ఆదివారం మాట్లాడతా, అబ్బోడు అక్కడ ఒక్కడే ఉండాల్సి వస్తుందని పిల్లకు ముందే చెప్పమంటా. మీకు పనికొస్తుందంటే ఆ 2018 మార్చి పేజీ ఫోటో తీసి పంపిస్తా.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప