స్కూటర్‌కి ఫుట్‌బోర్డు తీసేస్తే సామాను ఎక్కడ పెట్టాలి?

సంపాదకులకు నమస్కారం,

మీ పత్రికలో ఆటో పేజీ వచ్చిన రోజు ముందు అదే తిప్పి చూస్తాను. ఈ మధ్య అడ్వెంచర్ స్కూటర్లంటూ, అంటే పెద్ద చక్రాలతో మట్టి దారుల్లోనూ నడిచేలా చేసిన స్కూటర్ల గురించి, చాలా రాస్తున్నారు. ఎంత స్పీడ్ పోతుంది, డిస్‌ప్లేలో ఏమేం కనబడతాయి, అన్నీ ఉంటున్నాయి గానీ రోజూ దాని మీద పని చేసుకునే మనిషికి ఆ బండి ఎలా ఉంటుందో మాత్రం ఎక్కడా కనబడలేదు. ఎనిమిది నెలలుగా అలాంటిదే నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. కంపెనీ పేరు అనవసరం, ఈ తరహా పెట్రోలు బండ్లు చాలావరకు ఒకే పద్ధతిలో ఉన్నాయి.

నేను గోపాలమిత్రని, అంటే ఊళ్లు తిరిగి పశువులకి కృత్రిమ గర్భధారణ చేసేవాణ్ని. ఆవు పొద్దున్న ఎదకొస్తే సాయంత్రానికి, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున్నకి గర్భధారణ సూది వెయ్యాలి, ఆ పూట దాటిందంటే రైతు మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాల్సిందే. అందుకని ఫోన్ రాగానే బయలుదేరాలి, వానా ఎండా చూసుకోవడం కుదరదు. నాతో పాటు మూడు లీటర్ల ద్రవ నైట్రోజన్ క్యాన్ ఉంటుంది. అందులో ఎద్దు వీర్యం నింపిన సన్నటి గొట్టాలు, స్ట్రాలంటాం, మైనస్ 196 డిగ్రీల చలిలో ఉంటాయి. దాని మూత బిగించకూడదు, లోపలి గ్యాస్ బయటికి పోతూ ఉండాలి, అందువల్ల క్యాన్ ఎప్పుడూ నిటారుగానే నిలబడాలి. పాత 110 సీసీ స్కూటర్ మీద దాన్ని కాళ్ల మధ్య ఫుట్‌బోర్డు మీద పెట్టి, రెండు పిక్కలతో ఆనించి పట్టుకుని పన్నెండేళ్లు తిరిగాను. గుంతలో పడినప్పుడు మూత సందులోంచి తెల్లటి పొగ లేస్తే వెంటనే తెలిసేది, కాలితో సర్దుకునేవాణ్ని. బైక్ కొనకుండా స్కూటర్ కొన్నదే దానికోసం.

మరి ఈ కొత్తది ఎందుకు కొన్నానంటే చక్రాల కోసం. మాది నర్సీపట్నం పక్క గొలుగొండ మండలం. డౌనూరు ఘాట్ ఎక్కి లంబసింగి వైపు వెళ్లే పని నెలలో నాలుగైదు సార్లైనా ఉంటుంది, మిగతా రోజులు గెడ్డలు దాటి మట్టి దారుల్లోనే. పాత బండికి ముందు 12, వెనక 10 అంగుళాల చక్రాలు. గుంత అంచు చిన్న చక్రానికి గోడలా తగులుతుంది, అదే 14 అంగుళాల చక్రమైతే దాని మీంచి దొర్లిపోతుంది. నడుము నొప్పికి ఇన్నాళ్లూ బెల్టు పెట్టుకుని తిరిగినవాణ్ని, మూడో నెలకే దాన్ని తీసి గూట్లో పెట్టేశాను. ఆ ఒక్క మేలు కోసం ఈ బండిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఘాట్ ఎక్కేటప్పుడు కూడా వెనక మనిషి ఉన్నా ఇంజన్ ఆయాసపడదు.

దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. గేర్ల బండిలా రెండో గేర్లో వేసి ఇంజన్ మీద ఆపుకుంటూ రావడం ఇందులో కుదరదు. స్పీడ్ బాగా తగ్గితే లోపల దానంతటదే పనిచేసే క్లచ్ ఇంజన్‌ని వదిలేసి బండి జారిపోతుంది, ఇక భారమంతా బ్రేకుల మీదే. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది, అప్పుడు బ్రేకులకి కాస్త ఊపిరి ఆడుతుంది. లంబసింగిలో మంచు చూడ్డానికి స్కూటర్ల మీద వచ్చే పిల్లలకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. టైరు మీద గడులు గడులుగా ఉంది కదా అని పొలంలోకి దింపడం కూడా వద్దు. కంకర, ఎండిన మట్టి వరకు పర్వాలేదు గానీ బంకమట్టిలో ఆ గడులు పూడుకుపోతే ఏ టైరైనా జారేదే.

ఇక అసలు బాధకి వస్తాను. ఈ బండికి ఫుట్‌బోర్డు లేదు. కాళ్ల మధ్య ఎత్తుగా మెట్టులాగా ఉంది, అందులో ట్యాంకు పెట్టారు. పెట్రోలు పోయించుకోడానికి సీటు దిగక్కర్లేదు, నిజమే. కానీ క్యాన్ ఎక్కడ పెట్టాలి? సీటు కింద పడుకోబెట్టలేను కదా. వెల్డింగ్ షాపులో చెప్పి వెనక సీటు పక్కన ఫ్రేమ్ కట్టించాను, అది కాస్తా మలుపుల్లో ఊగుతోంది, పైగా వెనక ఉంది కాబట్టి మూత లేచినా నాకు కనబడదు. నాకొక్కడికే ఈ క్యాన్ ఉంది గానీ ఫుట్‌బోర్డు అవసరం అందరిదీ. గ్యాస్ బండ, పాతిక కేజీల బియ్యం బస్తా, పాల క్యాన్లు, దాణా మూట, ముందు నిలబడే చిన్నపిల్లాడు, ఊళ్లలో స్కూటర్ కొనేదే వీటి కోసం. మా ఆవిడ పాత బండి నడిపేది, దీన్ని ముట్టుకోదు. చీర కట్టుకుని ఆ మెట్టు దాటించి కాలు వెయ్యాలంటే కుదరదంటుంది, సెంటర్ స్టాండ్ వెయ్యడానికి బలం చాలదంటుంది. రోజూ చింతపల్లి వెళ్లే టీచర్ ఒకావిడ కూడా ఇలాంటిదే కొని ఆర్నెల్లకి అమ్మేశారు, ఆవిడ చెప్పిందీ ఇదే. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ రూలు ఉంది. మరి నడిపే ఆడవాళ్ల సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

టైరు గొడవ ఒకటి. పక్కన రాయి గీసుకుని టైరు చీలింది. ఆ సైజు నర్సీపట్నంలో దొరకలేదు, విశాఖ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ తమ్ముడి బైక్ మీద తిరిగాను.

పెద్ద చక్రాలు కావాలంటే మధ్యలో మెట్టు తప్పదని షోరూముల్లో చెబుతున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. 2016లో మన దేశంలో అమ్మిన అప్రిలియా ఎస్ఆర్ 150కి 14 అంగుళాల చక్రాలున్నాయి, కాళ్ల దగ్గర ఫుట్‌బోర్డూ ఉంది. బెంగళూరు వాళ్ల రివర్ ఇండీ అనే ఎలక్ట్రిక్ స్కూటర్‌కి కూడా 14 అంగుళాలే, ఫుట్‌బోర్డు ఉంది, సీటు కింద 43 లీటర్ల చోటు కూడా ఉంది. కొండల మీద మాకు కరెంటు నమ్మకం లేదు కాబట్టి ఎలక్ట్రిక్‌కి నేను ఇప్పుడే వెళ్లలేను, లేకపోతే అదే కొనేవాణ్ని. పెట్రోలు బండ్లలో హీరో జూమ్ 160 2025లో 1.48 లక్షల ధరతో వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబరులో జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగాక ఇంకాస్త అందుబాటులోకి వచ్చింది. అయినా మా లాంటివాళ్లు కిస్తీలు కట్టి కొనే వస్తువే అది. హోండా ఎక్స్-ఏడీవీ స్కూటర్ అయితే 745 సీసీ, 2025లో 11.90 లక్షల ధరతో వచ్చింది, దాన్ని షికారు కోసం చేశారు, దాంట్లో ఫుట్‌బోర్డు లేకపోయినా నేనేమీ అనను. లక్షన్నర బండిని మాత్రం దాని మీద పని చేసుకుని ఇల్లు గడుపుకునేవాడు కొంటాడు. చక్రాలు ఇవే ఉంచి కాళ్ల దగ్గర చదును చేసి ఇస్తే మా మండలంలోనే ఎంతమంది కొంటారో నాకు తెలుసు.

మీ ఆటో పేజీవాళ్లకి ఒక విన్నపం. ఈసారి కొత్త స్కూటర్ తెచ్చినప్పుడు హైవే మీద ఎలాగూ నడుపుతారు, దాంతో పాటు ఒక గ్యాస్ బండ పెట్టి, చీర కట్టుకున్న మనిషిని నడపమని చూసి రాయండి. అలాగే ఇలాంటి బండికి నైట్రోజన్ క్యాన్ కోసం ఫ్రేమ్ కట్టించుకున్న గోపాలమిత్రలు ఎవరైనా ఉంటే, ఎక్కడ బిగించారో, ఏ కొలతలో చేయించారో మీ పత్రికకే రాయమని కోరుతున్నాను. వానాకాలం లోపు నాది మళ్లీ కట్టించుకోవాలి.

ఇట్లు,
ఒక గోపాలమిత్ర,
గొలుగొండ మండలం, అనకాపల్లి జిల్లా