పుచ్చు లేదంటే పళ్లు బాగున్నట్టేనా?

సంపాదకుడికి,

బడుల్లో జరిగే ఆరోగ్య పరీక్షల్లో పిల్లల పళ్ల దగ్గరికొచ్చేసరికి చూసేది పుచ్చు ఉందా లేదా అన్నదే. మా బడిలో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతి చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని చెబుతూ వచ్చింది. కార్డులో మాత్రం ‘నార్మల్’ అని రాశారు. ముందుపళ్ల అంచులు వెలుతురు కనపడేంత పలచబడ్డాయి, దవడపళ్ల మొనల మీద చిన్న చిన్న గుంటలు. నల్లమచ్చ ఒక్కటీ లేదు. చివరికి భీమవరంలో ఒక దంతవైద్యురాలు చూసి, ఆమ్లం తగిలి ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) కరిగిపోతోందని చెప్పారు. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు.

పుచ్చుకు బాక్టీరియా కావాలి, ఈ అరుగుదలకు అక్కర్లేదు. నోట్లో పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే చాలు, ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కోలాలది 2.5 దగ్గర, నిమ్మరసానిదీ దాదాపు అంతే. మన డెల్టా ఉక్కపోతలో పిల్లలు కూల్‌డ్రింకు సీసా పక్కన పెట్టుకుని గంటసేపు గుక్కగుక్కగా తాగుతుంటారు. ఒక్కసారిగా తాగేయడం కంటే అదే ఎక్కువ చెరుపు. మజ్జిగ పుల్లగా ఉన్నా అందులోని కాల్షియం వల్ల పళ్లను కరిగించదు. బడి దగ్గర దుకాణాల్లో అది దొరకదు మరి.

పట్టుకోవడం నిజంగానే కష్టం. మొదట్లో నొప్పి ఉండదు, పన్ను నున్నగా మెరుస్తూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ఎక్స్‌రేలోనూ తెలియదు. గట్టిగా తోమినా, నిద్రలో పళ్లు కొరికినా అరుగుతాయి కాబట్టి ఏది ఏదో తేల్చడం డాక్టర్లకూ అంత సులువు కాదు. పైగా కారణం తాగేదాంట్లోనే ఉండాలని లేదు. పుల్లటి త్రేన్పులతో బాధపడే పిల్లలున్నారు, లావవుతామన్న భయంతో తిన్నది వాంతి చేసుకునేవాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు ఎక్కువగా అరిగేది పై ముందుపళ్ల లోపలివైపు. చిన్న అద్దం పెడితే తప్ప కనపడదు. అమ్మానాన్నల ఎదుట అడిగితే ఏ పిల్లా నోరు విప్పదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించాలి, అందులో పళ్ల జబ్బులూ ఉన్నాయి. నోటిని ఆరు భాగాలు చేసి ఒక్కోదాంట్లో అరుగుదల ఎంతుందో 0 నుంచి 3 వరకు మార్కు వేసే పద్ధతి 2008 నుంచే ఉంది. దానికి అద్దం, లైటు, కొద్దిపాటి శిక్షణ చాలు. ఉభయ గోదావరి, కోనసీమ జిల్లాల వైద్యాధికారులు వచ్చే విద్యా సంవత్సరం నుంచే పిల్లల కార్డులో అరుగుదలకు ఒక గడి పెట్టించాలి. ఏం తాగుతున్నారో, త్రేన్పులూ వాంతులూ ఉన్నాయో పిల్లల్ని పక్కకు పిలిచి, కసరకుండా అడిగించాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, పాలకొల్లు