మా పని చోట పిల్లుల్ని పట్టుకెళ్లి పారేయించకండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారమండీ. నేనొక గోదాములో పనిచేస్తాను. మా గోదాము వెనక, జనరేటర్ గది పక్కన, పార్కింగులో ఎవరివీ కాని పిల్లులు ఉంటాయి, వాటి గురించే ఈ ఉత్తరం. ఇది మా ఒక్కరి సంగతి కూడా కాదు. ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, కాలేజీలు, ఆఫీసులు, ఎలకలూ మనుషులు తినగా మిగిలిందీ రాత్రిపూట దాక్కోడానికి నాలుగు సందులూ ఉన్న ప్రతి చోటా ఇవి చేరతాయి. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇలాంటి పిల్లుల్ని పట్టుకెళ్లి ఎక్కడో వదిలేసి రావడాన్ని ఆపించండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఉన్న చోటే మళ్లీ వదిలే పద్ధతిని మీ శాఖ ఉత్తర్వుగా ఇవ్వండి.

మా దగ్గర ఏం జరిగిందో చెప్తాను. ఎవరో వాసన వస్తోందని ఫిర్యాదు చేశారు, బిల్డింగ్ చూసుకునే వాళ్లు మనుషుల్ని పిలిపించారు, వాళ్లు రాత్రికి రాత్రి దొరికిన పిల్లులన్నిటినీ గోనె సంచుల్లో వేసుకుని పోయారు. ఎక్కడ వదిలారో ఎవరూ చెప్పలేదు. తెల్లారాక ఫాల్స్ సీలింగ్ లోంచి అరుపులు. తల్లిని తీసుకెళ్లారు, కళ్లు కూడా తెరవని పిల్లలు పైనే ఉండిపోయాయి. హౌస్‌కీపింగ్ అమ్మాయి నిచ్చెన వేసుకుని వాటిని దించింది, కొన్ని బతికాయి, కొన్ని బతకలేదు. ఇక పిల్లుల బెడద తీరిందా అంటే, కొన్నాళ్లకే కొత్తవి వచ్చాయి. ఈసారి వచ్చినవి మా మనుషుల్ని అసలు ఎరగనివి, ఆపరేషన్ కానివి, రాత్రంతా కొట్లాటలే.

ఇలా ఎందుకవుతుందో మీ శాఖ డాక్టర్లకి బాగా తెలుసు. తిండీ చోటూ అలాగే ఉంచి పిల్లుల్ని మాత్రం తీసేస్తే ఆ ఖాళీలోకి పక్క వీధి పిల్లులు వచ్చేస్తాయి, వచ్చినవి పిల్లల్ని పెడతాయి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది రెండు నెలలు, ఓ నాలుగు రోజులు అటూ ఇటూ. పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్లీ కడుపు కట్టగలదు. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకి నాలుగు చొప్పున వేసుకోండి. వాటిలో చాలా పిల్లలు పెద్దవి కాకుండానే జబ్బు పడో, బండి కింద పడో చచ్చిపోతాయి. పిల్లుల్ని ఇష్టపడని వాళ్లు కూడా ఆ చావులు రోజూ చూడాలని కోరుకోరు కదండీ.

పూర్తిగా ఏరిపారేస్తే పోలా అనే వాళ్లకి మారియన్ దీవి సంగతి చెప్పాలి. దక్షిణాఫ్రికాకి చెందిన ఈ దీవి దక్షిణ హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ వాతావరణ కేంద్రంలో ఎలకల బాధ పడలేక 1949లో ఐదు పిల్లుల్ని తీసుకెళ్లారు. 1977 నాటికి అవి దాదాపు 3,400 అయ్యాయి, సముద్ర పక్షుల్ని లక్షల్లో తినేస్తున్నాయి. వైరస్ వదిలారు, తుపాకులతో వేటాడారు, బోన్లు పెట్టారు, విషం పెట్టారు. చివరి పిల్లి పోయేసరికి 1991 వచ్చింది. చుట్టూ సముద్రం ఉండి, బయటి నుంచి ఒక్క పిల్లి కూడా వచ్చే వీలు లేని చోట అన్నేళ్లు పట్టింది! ప్రహరీ గోడ మీంచి ఒక్క దూకు దూకితే లోపలికొచ్చే మా గోదాము లాంటి చోట్ల సంచులు పట్టుకుని ఎన్నిసార్లు వస్తారు?

అదే దీవి పక్షుల సంగతి కూడా చెప్తోంది, దాన్ని నేను దాచను. పిల్లులు పక్షుల్ని చంపుతాయి. పక్షుల అభయారణ్యం పక్కన, అరుదైన జీవాలుండే చోట ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ వేరే ఆలోచన చేయాల్సిందే. నేను అడిగేది సిమెంటు, ఇనుము, లారీల మధ్య బతికే పిల్లుల గురించి.

1991లోనే ఇటలీ ఇంకో దారి పట్టింది. 281 నంబరు చట్టం చేసి, స్వేచ్ఛగా తిరిగే పిల్లుల్ని హింసించకూడదంది, ప్రభుత్వ పశువైద్యులు ఆపరేషన్ చేసి వాటిని తిరిగి వాటి గుంపులోకే వదలాలంది. పనిచేసే చోట పిల్లులుండటం కూడా వింత కాదు. రష్యాలో అప్పటి రాజభవనానికి ఎలకల బాధ తీర్చడానికి పిల్లుల్ని పంపమని 1745లో ఎలిజబెత్ మహారాణి ఆజ్ఞ ఇచ్చింది. ఆ చోట ఇప్పుడున్న హెర్మిటేజ్ మ్యూజియం నేలమాళిగల్లో ఇప్పటికీ పిల్లులున్నాయి, వాటిని చూసుకోవడానికి మనుషులూ ఉన్నారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మాలో కొందరం కలిసి ఆపరేషన్లు మేమే చేయిద్దామనుకున్నాం. ఆసుపత్రికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, ఓనర్ ఎవరు? ఓనర్ లేరండీ అంటే ఫారం ముందుకు కదలదు. సంతకం నేను పెడతానంటే రేపు ఏమన్నా అయితే మీదే బాధ్యత అంటారు, దానికీ ఒప్పుకుంటే ఫలానా రోజు పది గంటలకి తీసుకురండి అంటారు. మచ్చిక కాని పిల్లి మనం చెప్పిన రోజున బోనులోకి రాదండీ. ముందు రోజుల్లో ఒకే వేళకి ఒకే చోట తిండి పెట్టి అలవాటు చేయాలి, పట్టే ముందు రాత్రి నుంచి తిండి ఆపాలి, అప్పుడే ఆకలికి లోపలికొస్తుంది, మత్తు ఇవ్వడానికీ కడుపు ఖాళీగా ఉండాలి. తలుపు పడగానే బోను మీద మందపాటి గుడ్డ కప్పాలి, చీకటైతే అది నెమ్మదిస్తుంది, లేకపోతే కమ్మీలకి కొట్టుకుని మూతి పగలగొట్టుకుంటుంది. ఇంత చేసి తీసుకెళ్తే డాక్టరు గారు సెలవులో ఉన్నారంటే ఏం చేయాలి? అలా ఒకసారి వదిలేస్తే ఆ పిల్లి మళ్లీ బోను దగ్గరకి రావడం చాలా కష్టం. అందుకే ప్రతి పశువైద్యశాలలో వారానికి ఒక రోజు వీటి కోసం ఉంచమంటున్నాను, ఎన్ని దొరికితే అన్ని తెచ్చేలా. ఓనర్ పేరు రాసే చోట సంరక్షకుడు అని రాసే వీలు కల్పించండి. బోన్లు ఆసుపత్రిలోనే ఉంచి పూచీ మీద ఇవ్వండి.

ఆపరేషన్ విషయంలో కూడా పెంపుడు పిల్లికీ వీటికీ తేడా ఉంది. కుట్లు విప్పడానికి మళ్లీ పట్టుకోలేం కాబట్టి కరిగిపోయే కుట్లే వేయాలి. మత్తులో ఉండగానే ఒక చెవి కొస కొంచెం, సెంటీమీటరు లోపు, కత్తిరిస్తారు. చూసేవాళ్లకి కష్టంగా అనిపించొచ్చు గానీ ఆ గుర్తు దూరం నుంచే కనిపిస్తుంది, ఆపరేషన్ అయిపోయిన పిల్లిని మళ్లీ పట్టి మళ్లీ మత్తు ఇచ్చే పని తప్పుతుంది. రేబిస్ టీకా అప్పుడే వేసేయాలి. గండుపిల్లిని సాధారణంగా మర్నాడు, ఆడదాన్ని ఇంకో రోజు చూసి వదలొచ్చు. గండుపిల్లులకి ఆపరేషనైతే ఘాటు వాసనొచ్చే ఉచ్చ చిమ్మడం, రాత్రి కొట్లాటలు బాగా తగ్గుతాయి, మా దగ్గర ఫిర్యాదు వచ్చిందే ఆ వాసన మీద!

పిల్లల సంగతి వేరు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపు మనిషి చేతిలో పెరిగితే మచ్చికవుతాయి, ఇళ్లకి ఇచ్చేయొచ్చు. ఆ వయసు దాటితే ఒక్కో వారం గడిచే కొద్దీ కష్టమే. పెద్దయ్యాక మనిషిని చూస్తే పారిపోయే పిల్లిని తెచ్చి షెల్టర్ గదిలో పెట్టడం దానికి మేలు కాదు, అది ఏ మూలో నక్కి తిండి మానేస్తుంది. చాలామంది దయతోనే ఈ పని చేస్తారు, అందుకే చెప్తున్నాను. ఇంకో చోటికి తరలించక తప్పకపోతే (బిల్డింగే కూల్చేస్తున్నప్పుడు లాంటివి) కొత్త చోట రెండు మూడు వారాలైనా మూసి ఉంచి అలవాటు చేశాకే వదలాలి. సంచిలో తీసుకెళ్లి దించేస్తే పాత చోటు వెతుక్కుంటూ రోడ్డు మీద చస్తాయి.

తోటి ఉద్యోగుల భయాలకి కూడా జవాబు కావాలి, అది మా నోటితో చెప్తే వినరు, మీ శాఖ చెప్తే వింటారు. గర్భంతో ఉన్న ఒకావిడ, కడుపులో బిడ్డకి హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి టెన్షన్ పడింది, ఆమె భయం అర్థం లేనిది కాదు. ఆ క్రిమి పిల్లి మలంలో ఉంటుంది, పిల్లికి మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాల పాటే బయటికొస్తుంది, మలంలో పడ్డాక మనకి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి రోజూ చేతి తొడుగులతో శుభ్రం చేసి, ఆ పని గర్భిణులకి ఇవ్వకపోతే ప్రమాదం చాలా తగ్గుతుంది. సరిగా ఉడకని మాంసం నుంచి కూడా అది వస్తుంది. ఇక కరిస్తే, రక్కితే, టీకా వేసిన పిల్లే కదా అని ఊరుకోకూడదు, వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇదంతా ఒక కాగితం మీద ముద్రించి ప్రతి సంస్థకీ పంపితే సగం గొడవలు ఉండవు.

ఆ కాగితంలోనే తిండి గురించీ రాయండి. గోడ వారగా ఒకే చోట, ఒకే వేళకి, అరగంటలో గిన్నెలు తీసేసేలా. రాత్రి గిన్నెలు వదిలేస్తే ఎలకలూ చీమలూ వస్తాయి, నింద పిల్లుల మీద పడుతుంది. సెక్యూరిటీ వాళ్లని కూడా ఇందులో కలపమనండి, రాత్రి డ్యూటీ చేసే ఆయనకి ఏది కొత్త పిల్లో, ఏది కడుపుతో ఉందో మాకంటే బాగా తెలుసు.

చివరగా ఒక మాట. పిల్లులకి తిండి పెట్టాడని మా దగ్గర ఒకతన్ని పిలిచి, ఇంకోసారి కనిపిస్తే పనిలోంచి తీసేస్తామన్నారు. అతను కాంట్రాక్టు మనిషి, ఆ రోజు నుంచి ఆపేశాడు. ఆపరేషన్ చేయించి పద్ధతిగా చూసుకునే ఉద్యోగుల మీద యాజమాన్యం చర్య తీసుకోకూడదని మీ ఉత్తర్వులో ఒక్క వాక్యం ఉంటే అతనికి ఆ భయం ఉండదు. పైన ఉన్నవన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు పట్టుకెళ్లి వదిలేయడం ఆపించండి, వారానికి ఒక రోజు ఇప్పించండి. పట్టడం, తేవడం, మళ్లీ తీసుకెళ్లి వదలడం మేం చేసుకుంటాం.

ఇట్లు,
ఒక గోదాము ఉద్యోగి