వార్షిక నివేదిక: పిల్లలు తమ ధైర్యం గురించి రాసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన పనుల్లో ఒకటి ఈ ఏడాది మా టైమంతా తినేసింది. అది పిల్లల చేత, కాలేజీ కుర్రకారు చేత తమ ధైర్యం గురించి తామే రాయించడం. గ్రంథాలయం, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

మొదటి తరగతిలోనే బోల్తా పడ్డాం. ‘మీ ధైర్యసాహసాల గురించి రాయండి’ అని బోర్డు మీద రాశాం. వచ్చిన కాగితాల్లో ఎవరో నీళ్లలో మునిగిపోతుంటే ఇంకెవరో దూకి కాపాడారు. ఇద్దరి కాగితాల్లో పామూ ఒకటే, దాన్ని కొట్టిన కర్రా ఒకటే. కొందరు ‘నా దగ్గర రాయడానికేమీ లేదు’ అని ఖాళీ కాగితాలిచ్చి వెళ్లారు. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. ధైర్యం పక్కన సాహసాన్ని తగిలించగానే ఎవరికైనా కత్తీ డాలే గుర్తొస్తాయి మరి.

రెండో వారం ప్రశ్న మార్చాం. ‘భయపడుతూనే ఒక పని చేసిన రోజు గుర్తుచేసుకోండి. చేయడానికి ముందు ఐదు నిమిషాలు ఎలా గడిచాయో రాయండి.’ ఈసారి ఖాళీ కాగితం ఒక్కటీ రాలేదు. తోటిపిల్లను అందరూ ఏడిపిస్తుంటే ‘ఇక చాలు’ అన్న అమ్మాయి, నత్తి ఉన్నా లేచి నిలబడి పాఠం చదివినవాడు, పరీక్ష తప్పానని నాన్నకు తనే చెప్పుకున్న కుర్రాడు, అందరూ బయటికొచ్చారు.

ఆ కుర్రాడి నోటుపుస్తకం గురించి, అతని అనుమతితోనే, కాస్త చెప్తాను. మొదట ‘నాకేం భయం వేయలేదు’ అని రాశాడు. అచ్చమైన మేకపోతు గాంభీర్యం! దాన్ని కొట్టేసి పైన ‘కొంచెం భయం వేసింది’ అన్నాడు. అదీ కొట్టేశాడు. మూడోసారి ఇలా వచ్చింది: ‘తలుపు గడియ మీద చెయ్యి వేసి మూడుసార్లు వెనక్కి తీశాను. ఎందుకంటే నాన్న తిడతాడని కాదు, ఏమీ అనకుండా ఊరుకుంటాడని.’ ఆ ‘ఎందుకంటే’ దగ్గర పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే, పేజీ తిప్పి వేలితో తడిమితే అక్షరాలు తగిలాయి.

ఆ ఒక్క మాటను మేం పట్టించుకోవడానికి కారణం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును కలచివేసిన అనుభవం గురించి రాయించారు. జరిగినదాన్నీ, దాని మీద తమ మనసులో ఉన్నదాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రం గడప తొక్కడం తగ్గింది. రాసిన రోజున మాత్రం మనసు ఇంకా బరువెక్కింది. రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘అర్థమైంది’ లాంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వాళ్లకే ఎక్కువ మేలు జరిగినట్టు పెన్నెబేకర్ బృందం తర్వాత గమనించింది. అయితే 2006లో 146 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగడితే సగటు ప్రయోజనం చిన్నదేనని తేలింది. కాబట్టి ‘రాస్తే బతుకే మారిపోతుంది’ అని మన కరపత్రంలో వేసిన మాట అతిశయోక్తి. వచ్చే ముద్రణలో తీసేస్తాం.

మన పిల్లల్లో మార్పుకు మా దగ్గర కొలతలేమీ లేవు, కళ్లతో చూసింది ఉంది. మొదట్లో ‘నేను పిరికిదాన్ని’ అని రాసుకున్న అమ్మాయే, ఏడాది చివర కొత్తగా చేరిన పిల్లకు తన కాగితం చూపించి ‘ఇలాంటిది నీకూ ఒకటుంటుంది, వెతుక్కో’ అంది. ఇంకో కుర్రాడు రెండు వారాలకే మానేశాడు. ఎందుకని మేం అడగలేదు. అడగాల్సింది.

ఇక వార్షికోత్సవం సంగతి. పోటీ పెట్టి బహుమతులన్నాం. మళ్లీ పాము, మళ్లీ కర్ర. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. ఒకమ్మాయి ఇంటి విషయాలు రాసుకున్న కాగితాన్ని ఆమెను అడగకుండా వేదిక మీద చదివాం. చదివింది నేనే. మర్నాడు వాళ్లమ్మ వచ్చి ‘మిమ్మల్ని నమ్మి ఇచ్చిందండీ, అందరికీ వినిపించమని కాదు’ అన్నారు. ఇద్దరికీ క్షమాపణ చెప్పాం. అమ్మాయి మళ్లీ వస్తోంది, రాస్తోంది కూడా. రాసింది మాత్రం చూపించదు. మేమూ అడగం.

వచ్చే ఏడాది పోటీ ఉండదు. నోటుపుస్తకాలు పిల్లల దగ్గరే ఉంటాయి. దెబ్బలు, వేధింపుల సంగతి రాతలో కనబడితే మాత్రం దాచిపెట్టలేమని, తగినవాళ్లకు చెప్పి తీరతామని మొదటి రోజే వాళ్లకు చెప్పేస్తాం. ఈ మూడింటికీ సభ ఆమోదం కోరుతున్నాం.

ఒత్తులూ దీర్ఘాలూ దిద్దడం లేదని కొందరు పెద్దలు కోప్పడ్డారు. ఆఖరి ప్రతిలో తప్పకుండా దిద్దుతాం, చిత్తుప్రతి జోలికి మాత్రం పోం. తరగతులకు ఇంకో ఇద్దరు సభ్యుల సాయం కావాలి. వచ్చేవారు ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి రాగలరు.

— కార్యదర్శి